ఆగస్టు 15: ఒకే తేదీ ఇన్ని దేశాలకు ఎలా వచ్చింది?

ఏటా ఆగస్టు రెండో వారం వచ్చేసరికి ఫోన్లలో ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. మనతో పాటు మరో అయిదు దేశాలు ఆగస్టు 15నే స్వాతంత్ర్యం పొందాయనీ, అవి దక్షిణ కొరియా, ఉత్తర కొరియా, కాంగో, బహ్రెయిన్, లీక్టెన్‌స్టైన్ అనీ దాని సారాంశం. పంపినవారు ఆశ్చర్యార్థకాలు పెట్టి వదిలేస్తారు. చదివినవారికి మాత్రం ఒక సందేహం మిగులుతుంది. ఇది కాకతాళీయమా, లేక వెనక ఏదైనా లంకె ఉందా? జాబితాలోని ఒక్కో పేరును విడివిడిగా చూస్తే, ఒక్కో దేశానికి ఒక్కో రకం జవాబు వస్తుంది. ఆ జవాబులను కలిపి చూసినప్పుడు, చరిత్రలో తేదీలు ఎందుకు కలుస్తాయన్న పెద్ద ప్రశ్నకు కూడా కొంత వెలుగు దొరుకుతుంది.

“ఒకే రోజు” అన్న మాటలో దాగిన తేడాలు

“ఈ రెండూ ఒకే రోజు జరిగాయి” అనే వాక్యాన్ని మనం కనీసం రెండు వేర్వేరు అర్థాల్లో వాడుతుంటాం. ఒకటి, ఒకే సంవత్సరంలో ఒకే తేదీన జరగడం. అంటే రెండు సంఘటనలూ నిజంగానే ఒకే సూర్యోదయం కింద జరిగాయని. రెండోది, నెల, తేదీ మాత్రమే కలిసి సంవత్సరాలు వేరుగా ఉండటం. 1947 ఆగస్టు 15కూ 1960 ఆగస్టు 15కూ మధ్య పదమూడేళ్ల దూరం ఉంది. వాటిని కలిపేది కాలెండరులోని గడి మాత్రమే.

ఇవి కాక, కలిసినట్టు కనిపిస్తూనే కలవని సందర్భాలు కూడా ఉన్నాయి. షేక్‌స్పియర్, సెర్వాంటిస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే మరణించారని తరచూ చెబుతారు. అప్పటికి స్పెయిన్ గ్రెగోరియన్ కాలెండరుకు మారింది, ఇంగ్లండు మాత్రం పాత జూలియన్ కాలెండరులోనే ఉంది. రెండింటి మధ్య పది రోజుల తేడా. షేక్‌స్పియర్ పోయిన ఏప్రిల్ 23 స్పెయిన్ లెక్కలో మే 3 అవుతుంది. పైగా సెర్వాంటిస్ చనిపోయింది 22న, సమాధి చేసింది 23న. అయినా యునెస్కో ఏప్రిల్ 23ను ప్రపంచ పుస్తక దినంగా నిలిపింది. ఒక పొరపాటు లెక్కను తెలిసి తెలిసీ అందమైన ఆనవాయితీగా మార్చుకోవడంలో తప్పేమీ లేదు గానీ, దాన్ని విధి లీలగా చెప్పుకోవడం మాత్రం కుదరదు.

కాకతాళీయం అయితే ఎంతమంది కలవాలి?

కారణాలు వెతికే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవడం మంచిది. ఒక గదిలో 23 మంది ఉంటే వారిలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి అవకాశం సగం కంటే కాస్త ఎక్కువ, 50.7 శాతం. ఇది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు, కానీ 23 మందిలో 253 జతలు ఉంటాయన్నది గుర్తుంచుకుంటే ఆశ్చర్యం తగ్గుతుంది. ఏదో ఒక జత కలవడం వేరు, మన జత కలవడం వేరు. ఆ గదిలో మిగిలిన 22 మందిలో ఎవరికైనా మన పుట్టినరోజే ఉండే అవకాశం ఆరు శాతమే.

ఇదే లెక్కను దేశాలకు వర్తింపజేద్దాం. ఐక్యరాజ్యసమితిలో 193 సభ్యదేశాలున్నాయి. ఒక్కో దేశానికి ఒక జాతీయ దినం ఉందనీ, అవి సంవత్సరమంతటా అడ్డదిడ్డంగా పడ్డాయనీ అనుకుంటే, మన తేదీని పంచుకునే దేశాల సగటు సంఖ్య 192ను 365తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు సగం దేశం. కనీసం ఒక్క దేశమైనా మనతో కలిసే అవకాశం 41 శాతం దాకా ఉంటుంది, అందువల్ల ఒక దేశం కలిస్తే వింతేమీ లేదు. నాలుగు, అంతకంటే ఎక్కువ దేశాలు కలిసే అవకాశం మాత్రం దాదాపు 500లో ఒకటి.

ఈ లెక్క ఒక విషయం చెబుతోంది. జాబితా నిజమైతే దాన్ని కేవలం కాకతాళీయమని కొట్టిపారేయడం కష్టం. అలాగని అదృశ్య హస్తాన్ని ఊహించుకోనక్కరలేదు. లెక్కలో మనం “తేదీలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడ్డాయి” అని అనుకున్నాం. ఆ ఊహే తప్పు కావచ్చు. ఒక దేశపు తేదీ మరొక దేశపు తేదీని లాక్కొచ్చి ఉండవచ్చు; లేదా రెండు తేదీలనూ మూడో తేదీ ఏదో లాక్కొచ్చి ఉండవచ్చు.

ఢిల్లీ తేదీ టోక్యో నుంచి వచ్చిందా?

భారతదేశానికి ఆగస్టు 15తో అంతకుముందు ప్రత్యేక అనుబంధం ఏదీ లేదు. జాతీయోద్యమానికి ఇష్టమైన తేదీ జనవరి 26. 1929 డిసెంబరులో లాహోర్ కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్యాన్ని లక్ష్యంగా ప్రకటించిన తరువాత, 1930 జనవరిలోని ఆఖరి ఆదివారాన్ని స్వాతంత్ర్య దినంగా పాటించారు. అది 26వ తేదీ. అప్పటి నుంచి 1947 వరకు ఏటా అదే రోజు ఊరూరా ప్రతిజ్ఞలు చదివారు. రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26న ఆమోదించి, పూర్తి అమలును రెండు నెలలు ఆపి 1950 జనవరి 26న మొదలుపెట్టడానికి కారణం కూడా ఇదే. తేదీలు కలవడం కాదది, కలపడం.

ఆగస్టు 15ను ఎవరు తెచ్చారు? 1947 ఫిబ్రవరి 20న బ్రిటన్ ప్రధాని అట్లీ అధికార బదిలీ 1948 జూన్‌ లోగా జరుగుతుందని ప్రకటించాడు. చివరి వైస్రాయ్ మౌంట్‌బాటన్ ఆ గడువును దాదాపు పది నెలలు ముందుకు లాగాడు. జూన్ 3న విభజన పథకాన్ని వెల్లడించి, మరునాడు పత్రికలవారి సమావేశంలో ఆగస్టు 15 మాట బయటపెట్టాడు. జూలై 18న రాజముద్ర పడిన భారత స్వాతంత్ర్య చట్టంలో ఆ తేదీ అక్షరాల్లోకి ఎక్కింది.

ఆ తేదీయే ఎందుకన్నదానికి రెండు వివరణలున్నాయి. మొదటిది మౌంట్‌బాటన్ దశాబ్దాల తరువాత స్వయంగా చెప్పుకున్నది: జపాన్ లొంగిపోయిన రోజుకు అది రెండో వార్షికోత్సవం కనుక ఆ తేదీ తన మనసులో మెదిలిందని. రెండో ప్రపంచ యుద్ధంలో అతడు ఆగ్నేయాసియా మిత్రపక్ష సేనలకు సర్వాధిపతి. జపాన్ మీద గెలుపు అతనికి సొంత విజయం లాంటిది. రెండో వివరణ ప్రకారం అసలు విషయం తేదీ కాదు, తొందర. మతకల్లోలాలు పెరుగుతున్నాయి, పాలనాయంత్రాంగం సడలిపోతోంది, పోలీసులూ సైన్యమూ ఎంతకాలం మాట వింటారో తెలియదు. ఆలస్యమైతే బాధ్యత బ్రిటన్ మెడకు చుట్టుకుంటుంది. చట్టం చేయడానికి పట్టే కనీస వ్యవధి చూసుకుంటే ఆగస్టు మధ్య భాగం సహజంగానే వచ్చి పడుతుందని ఈ వాదన.

రెండూ పరస్పరం కొట్టివేసుకునేవి కావని నా అభిప్రాయం. ఆగస్టు అని నిర్ణయించింది తొందర. ఆగస్టులో పదిహేను అని నిర్ణయించింది జ్ఞాపకం అయ్యే అవకాశం ఎక్కువ. వృద్ధాప్యంలో చెప్పుకున్న కథలకు కాస్త మెరుగు పెట్టుకోవడం మామూలే కాబట్టి, మౌంట్‌బాటన్ మాటను పూర్తిగా నెత్తిన పెట్టుకోవలసిన పని కూడా లేదు. అతడు జపాన్ సేనల లొంగుబాటును స్వయంగా స్వీకరించింది సింగపూరులో, 1945 సెప్టెంబరు 12న. సొంత విజయాన్నే గుర్తు చేసుకోదలిస్తే ఆ తేదీ కూడా అందుబాటులో ఉంది.

కొరియా: ఒకే వేరు నుంచి మరో కొమ్మ

మౌంట్‌బాటన్ కథ నిజమైతే, కొరియాతో మన తేదీ కలవడంలో వింత ఏమీ మిగలదు. 1910 నుంచి జపాన్ వలసగా ఉన్న కొరియా 1945 ఆగస్టు 15న జపాన్ లొంగుబాటుతో విముక్తి పొందింది. దక్షిణ కొరియా ఆ రోజును “వెలుగు తిరిగి వచ్చిన రోజు” అనే అర్థమిచ్చే పేరుతో జరుపుకుంటుంది. మూడేళ్ల తరువాత, 1948లో, దక్షిణ కొరియా ప్రభుత్వాన్ని లాంఛనంగా ప్రకటించడానికి కావాలనే మళ్లీ ఆగస్టు 15ను ఎంచుకున్నారు. ఉత్తర కొరియా ఏర్పడింది 1948 సెప్టెంబరు 9న అయినా, విముక్తి దినంగా అదీ ఆగస్టు 15నే పాటిస్తుంది. రెండు కొరియాలూ ఉమ్మడిగా జరుపుకునే జాతీయ సెలవులు చాలా అరుదు, ఇది వాటిలో ఒకటి.

కాబట్టి జాబితాలోని మూడు దేశాలు, అంటే రెండు కొరియాలూ మనమూ, ఒకే సంఘటన నుంచి తేదీని అందుకున్నవాళ్లం. కొరియాకు అది నేరుగా వచ్చింది. మనకు ఒక సేనాపతి జ్ఞాపకం గుండా వచ్చింది.

ఇంతకీ జపాన్ లొంగిపోయింది ఏ రోజు?

మూలంగా చెప్పుకుంటున్న ఆ సంఘటన తేదీ కూడా నిలకడగా లేదు. జపాన్ చక్రవర్తి హిరోహితో లొంగుబాటు ప్రసంగం రేడియోలో వినిపించింది అక్కడి కాలం ప్రకారం ఆగస్టు 15 మధ్యాహ్నం 12 గంటలకు. జపాన్ సమ్మతిని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ అంతకు నాలుగు గంటల ముందే ప్రకటించాడు, కానీ వాషింగ్టన్‌లో అప్పుడు ఆగస్టు 14 సాయంత్రం ఏడు గంటలు. లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగింది సెప్టెంబరు 2న. దాంతో బ్రిటన్ ఆగస్టు 15ను విజయదినంగా తీసుకుంది, అమెరికా అధికారికంగా సెప్టెంబరు 2ను తీసుకుంది, చైనా సెప్టెంబరు 3ను పాటిస్తోంది. యుద్ధం ఒకటే, ముగింపు తేదీలు మూడు.

మన అర్ధరాత్రికీ ఇదే వర్తిస్తుంది. ఢిల్లీలో గడియారం పన్నెండు కొట్టి ఆగస్టు 15 పుట్టినప్పుడు గ్రీనిచ్ కాలమానంలో ఇంకా 14వ తేదీ సాయంత్రం ఆరున్నర. లండన్‌లో ఉన్న తెలుగువాడికి స్వాతంత్ర్యం ఆ లెక్కన 14నే వచ్చింది.

కాంగో, బహ్రెయిన్, లీక్టెన్‌స్టైన్

బ్రాజవిల్ రాజధానిగా ఉన్న కాంగో 1960 ఆగస్టు 15న ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం పొందింది. పక్కనే కిన్షాసా రాజధానిగా ఉన్న పెద్ద కాంగో వేరు. అది బెల్జియం నుంచి 1960 జూన్ 30న విడివడింది. ఫార్వర్డ్ చేసేవారు ఈ రెండింటినీ తరచూ కలిపేస్తారు. బ్రాజవిల్ తేదీ ఒంటరిగా చూస్తే వింతగా ఉంటుంది, కానీ 1960 ఆగస్టు వరుసను చూడండి: 1న దహోమీ (నేటి బెనిన్), 3న నైజర్, 5న అప్పర్ వోల్టా (నేటి బుర్కినా ఫాసో), 7న ఐవరీ కోస్ట్, 11న చాద్, 13న మధ్య ఆఫ్రికా, 15న కాంగో, 17న గాబన్. దాదాపు రోజు విడిచి రోజు ఒక దేశం. చివరి నాలుగు వేడుకలకూ ఫ్రాన్స్ ప్రతినిధిగా మంత్రి ఆంద్రె మాల్రో ఒకదాని తరువాత మరొకదానికి ప్రయాణించాడు. ఈ పట్టికలో పదిహేను అనేది ఒక అతిథి ప్రయాణంలోని మూడో మజిలీ. భారతదేశంతో గానీ జపాన్‌తో గానీ దానికి సంబంధం లేదు.

బహ్రెయిన్ కథ మరో రకం. ఆ దేశం బ్రిటన్ రక్షణ ఒప్పందాల నుంచి బయటపడి స్వతంత్రమైంది 1971 ఆగస్టు 15నే. అయితే అక్కడ జాతీయ దినం జరిపేది డిసెంబరు 16న, పాలకుడు ఈసా బిన్ సల్మాన్ గద్దెనెక్కిన రోజున. కనుక “మనతో పాటు వేడుక జరుపుకుంటుంది” అన్న వాక్యం బహ్రెయిన్ విషయంలో తప్పు, “మన తేదీనే స్వతంత్రమైంది” అన్నది ఒప్పు. (బహ్రెయిన్ వేడుక చేసుకునే డిసెంబరు 16 బంగ్లాదేశ్‌కు విజయదినం. ఒక జాబితా నుంచి తప్పించుకున్నవారు మరో జాబితాలో దొరుకుతారు.)

లీక్టెన్‌స్టైన్‌ది స్వాతంత్ర్య దినమే కాదు. ఆల్ప్స్ కొండల్లోని ఆ చిన్న సంస్థానానికి ఆగస్టు 15 జాతీయ దినం, అంతే. ఆ రోజు మేరీమాత స్వర్గారోహణ పండుగ కనుక కాథలిక్కులకు ఎలాగూ సెలవు. అప్పటి పాలకుడు రెండో ఫ్రాంజ్ జోసెఫ్ పుట్టినరోజు మరునాడు, ఆగస్టు 16. రెండింటినీ కలిపి 1940లో ఆగస్టు 15ను జాతీయ దినం చేశారు. మన దగ్గర పండుగ సెలవుకు ఆదివారాన్ని కలుపుకున్నట్టే ఉంది.

అంటే ఇందాకటి 500లో ఒకటి అన్న వింత ఇప్పుడు విడిపోయింది. రెండు కొరియాలు ఒక కారణంగా, కాంగో ఒక పట్టిక కారణంగా, లీక్టెన్‌స్టైన్ ఒక పండుగ కారణంగా ఆ గడిలోకి వచ్చాయి. పాచికలు వేసినట్టు పడిన తేదీలు కావివి.

ఒకే చట్టం, రెండు తేదీలు: పాకిస్తాన్

తేదీలు ఎలా కలుస్తాయో చూశాం. కలిసి ఉండవలసినవి ఎలా విడిపోతాయో పాకిస్తాన్ చూపిస్తుంది. 1947 చట్టం ప్రకారం ఆగస్టు 15 నుంచే భారత్, పాకిస్తాన్ అనే రెండు డొమినియన్లూ ఉనికిలోకి వచ్చాయి. పాకిస్తాన్ కోసం వేరే తేదీ అందులో లేదు. ఆగస్టు 15నాటి రేడియో ప్రసంగంలో జిన్నా ఆ రోజునే పాకిస్తాన్ జన్మదినంగా పేర్కొన్నాడు. 1948 జూలైలో విడుదలైన ఆ దేశపు తొలి స్మారక తపాలా బిళ్లల మీద కూడా 15 ఆగస్టు 1947 అనే ఉంది. కానీ 1948 నుంచి వేడుక 14కు మారింది.

దీనికి సమర్థన కూడా ఉంది. మౌంట్‌బాటన్ ఒకేసారి రెండు రాజధానుల్లో ఉండలేడు కనుక 14న కరాచీలో రాజ్యాంగసభను ఉద్దేశించి మాట్లాడి, అర్ధరాత్రి లోగా ఢిల్లీ చేరుకున్నాడు. అధికార బదిలీ వేడుకను కరాచీ ప్రజలు కళ్లారా చూసింది 14ననే. దానికి తోడు హిజ్రీ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. 14 సాయంత్రంతో మొదలైన రోజు రంజాన్ 27. ముస్లింలలో చాలామంది పరమ పవిత్రంగా భావించే రాత్రి అది. చట్టం కాగితాన్ని పట్టుకుంటే 15, వేడుక జరిగిన క్షణాన్ని పట్టుకుంటే 14. పొరుగుదేశం కంటే ఒక రోజు ముందుండాలన్న కోరిక కూడా పనిచేసిందని కొందరు విమర్శకులు అంటారు.

పంచాంగం పట్టుకుంటే ఏమవుతుంది?

మన పంచాంగం ప్రకారం 1947 ఆగస్టు 15 సర్వజిత్తు నామ సంవత్సర అధిక శ్రావణ బహుళ చతుర్దశి, శుక్రవారం. ఆ రోజు మంచిది కాదని జ్యోతిష్కులు అభ్యంతరం చెప్పారనీ, సూర్యోదయంతో రోజు లెక్కించే మన పద్ధతికీ అర్ధరాత్రితో లెక్కించే ఇంగ్లీషు పద్ధతికీ మధ్య రాజీగా రాజ్యాంగసభ 14 రాత్రే సమావేశమైందనీ ఆ కాలపు కథనాలు చెబుతాయి. తిథి ప్రకారమే స్వాతంత్ర్య దినం జరిపి ఉంటే అది ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తిరుగుతూ ఉండేది. అధిక శ్రావణం రాని ఏడు నిజ శ్రావణంలో జరపాలా అన్న చర్చ కూడా పురోహితులకు మిగిలేది.

సౌరమాన పండుగలు ఇంత తిరగవు గానీ అవీ కదులుతాయి. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజు. నేడు సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో వస్తోంది. నక్షత్రాలను బట్టి కొలిచే మన సౌర సంవత్సరం, ఋతువులను బట్టి నడిచే గ్రెగోరియన్ సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఆ 20 నిమిషాలు కూడుకుని దాదాపు డెబ్బై ఏళ్లకు ఒక రోజు అవుతాయి. 160 ఏళ్లలో రెండు రోజులకు పైగా జరిగిందన్నమాట. జాతీయ యువజన దినం జనవరి 12నే ఆగిపోయింది, సంక్రాంతి ముందుకు సాగిపోయింది.

ఏ లంకె లేని ఆగస్టు 15లు

కారణాలు దొరికాయని ప్రతిదానికీ కారణం వెతకడం కూడా పొరపాటే. నెపోలియన్ 1769లో, శ్రీ అరవిందులు 1872లో పుట్టింది ఈ తేదీనే. పనామా కాలువ 1914లో తెరుచుకున్నదీ, అస్సాంను కుదిపేసిన మహాభూకంపం 1950లో వచ్చినదీ, డాలరును బంగారంగా మార్చుకునే వీలును అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1971లో ఆపేసినదీ ఈ తేదీనే. 1975లో షేక్ ముజిబుర్ రహమాన్ ఢాకాలో హత్యకు గురైనదీ, 2021లో తాలిబన్లు కాబూల్‌లో ప్రవేశించినదీ ఇదే తేదీన. చరిత్ర పుస్తకాల్లోంచి పదివేల సంఘటనలు ఏరి సంవత్సరంలోని గడుల్లో పంచితే ఒక్కో గడికి సగటున 27 పడతాయి. ఏ తేదీ తీసుకున్నా ఇలాంటి వరుస ఒకటి సిద్ధంగా ఉంటుంది. మనకు కనిపించేది ఈ వరుసే, ఎందుకంటే మనం వెతికేది ఈ తేదీనే.

అరవిందులు మాత్రం తన పుట్టినరోజే దేశానికి స్వాతంత్ర్యం రావడాన్ని కాకతాళీయంగా భావించలేదు. తన సాధనకు దైవం వేసిన ఆమోదముద్రగా దాన్ని తీసుకుంటున్నానని ఆ సందర్భంగా ఆకాశవాణికి ఇచ్చిన సందేశంలో చెప్పాడు. అది ఆయన విశ్వాసం. లెక్కలతో కొలిచే విషయం కాదు. ఒక విచిత్రం మాత్రం చెప్పుకోవాలి. ఆ సందేశం రాసేనాటికి ఆయన ఉన్న పుదుచ్చేరి స్వతంత్ర భారతంలో లేదు, ఫ్రెంచి పాలనలో ఉంది.

ముజిబుర్ హత్యకు గుర్తుగా బంగ్లాదేశ్‌లో ఆగస్టు 15 జాతీయ సంతాప దినంగా సెలవు ఉండేది. 2024లో షేక్ హసీనా ప్రభుత్వం పడిపోయాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం ఆ సెలవును రద్దు చేసింది. జరిగిన హత్య మారలేదు, మారింది దాన్ని గుర్తుంచుకునే అధికారం.

సెప్టెంబరు 17: ఒక తేదీకి నాలుగు పేర్లు

తెలంగాణ వారికి ఈ చివరి విషయం విడమర్చి చెప్పనక్కరలేదు. 1947 ఆగస్టు 15న హైదరాబాదు సంస్థానం భారతదేశంలో లేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17 సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ముందు లాంఛనంగా లొంగిపోయాడు. రాజ్యాంగబద్ధంగా హైదరాబాదు దేశంలో భాగమైంది 1950 జనవరి 26న. అంటే ఇక్కడా ఎంచుకోవడానికి కనీసం మూడు తేదీలున్నాయి. జ్ఞాపకం 17 చుట్టూ గడ్డకట్టింది, బహుశా జనం రేడియోలో విన్నది ఆ రోజే కాబట్టి.

తేదీ మీద అంగీకారం ఉన్నా పేరు మీద లేదు. భాజపా, కేంద్ర ప్రభుత్వం విమోచన దినం అంటాయి. రజాకార్ల హింస నుంచీ రాచరికం నుంచీ జనానికి విముక్తి కలిగిందన్నది వారి ఆధారం. పూర్వపు సంస్థానంలోనే భాగమైన మరాఠ్వాడాలోనూ, ఉత్తర కర్ణాటకలోనూ ఆ రాష్ట్రాలు విముక్తి వేడుకలు చాలా కాలంగా జరుపుతున్నాయని వారు గుర్తుచేస్తారు. కమ్యూనిస్టులకు అది విలీనం. సైన్యం రాకముందే 1946 నుంచి రైతాంగ సాయుధ పోరాటం గ్రామాలను విముక్తం చేసిందనీ, ఆ సైన్యమే తరువాత 1951 దాకా పోరాటం మీదికి తిరిగిందనీ వారి వాదన. తెరాస ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినంగా జరిపింది, కాంగ్రెస్ ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. సమైక్యత అన్న మాటను కోరినవారిలో మజ్లిస్ కూడా ఉంది; సైనిక చర్య తరువాత జరిగిన హత్యల్లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ వేసిన అంచనాను గుర్తుంచుకునేవారికి విమోచన అన్న పదం అంత సులభంగా నోటికి రాదు.

ఈ పేర్లలో ఏదీ అబద్ధం మీద నిలబడి లేదు. ఒక్కొక్కటి ఆ సంఘటనలో ఒక్కో పాత్రధారిని ముందు నిలబెడుతుంది: సైన్యాన్ని, రైతును, రాజ్యాన్ని, బాధితుణ్ణి.

అదే 1948 సెప్టెంబరు 17న, పశ్చిమాసియాలో, ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి ఫోల్క్ బెర్నడాట్ జెరూసలేంలో హత్యకు గురయ్యాడు. హైదరాబాదు ఫిర్యాదు ముందురోజే పారిస్‌లో అదే సమితి భద్రతామండలి ముందుకు వచ్చింది. ఇది ఒకే సంవత్సరం, ఒకే తేదీ అనే మొదటి అర్థంలో ఒకే రోజు. అయినా రెండింటి మధ్య కారణ సంబంధం ఏమీ లేదు. నిజంగా ఒకే రోజు జరిగినవి కూడా విడివిడిగా ఉండగలవని చూపడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

నవంబరు 1, యానాం

ఆఖరుగా ఒక తెలుగు ఊరి దగ్గరకు వద్దాం. గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా పుదుచ్చేరి లాగే ఫ్రెంచివారిది. 1954 జూన్ 13న అక్కడ పాలనను ఉద్యమకారులు చేజిక్కించుకున్నారు. అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో ఓటు వేసిన 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది భారతదేశం వైపు మొగ్గారు. నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలు ఆచరణలో మన చేతికి వచ్చాయి. సరిగ్గా అదే రోజు, 1954 నవంబరు 1న, అల్జీరియాలో ఫ్రాన్స్ మీద సాయుధ తిరుగుబాటు మొదలైంది. తిరుగుబాటుదారులు ఆ తేదీని ఎంచుకున్నది అది కాథలిక్కులకు సకల పునీతుల పండుగ కనుక. భారత ఫ్రెంచి అధికారులు ఎంచుకున్నది ఒప్పందం అప్పటికి కుదిరింది కనుక. తేదీకి సంబంధం లేదు, నేపథ్యానికి మాత్రం ఉంది: ఆ ఏడాది మే నెలలో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూ దగ్గర ఓడిన ఫ్రాన్స్ పట్టు అన్నిచోట్లా సడలుతోంది.

రెండేళ్ల తరువాత 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ అమలులోకి రావడంతో నవంబరు 1 ఆంధ్రప్రదేశ్‌కు, కేరళకు, నేటి కర్ణాటకకు పుట్టినరోజైంది. తెలంగాణ ఉద్యమకారులు అదే రోజును విద్రోహ దినంగా పాటించారు. యానాం చుట్టూ ఉన్న గోదావరి జిల్లాలు ఆ రోజున ఆంధ్రప్రదేశ్ ఆవిర్భావాన్ని తలుచుకుంటే, యానాం తన విముక్తిని తలుచుకుంటుంది.

ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదం ఆలస్యం కావడంతో చట్టప్రకారం బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16నే. పుదుచ్చేరి ప్రాంతమంతటా ఆ రోజు కూడా సెలవు. దేశమంతా ఆగస్టు 15 సాయంత్రం జెండా దించి మడిచి పెట్టుకున్న మరునాడు, యానాం మరో స్వాతంత్ర్యానికి సెలవు తీసుకుంటుంది.